పోయిన బాణీకి వారసులెవరు?



ఇలాంటి సంచికలో మెస్ చార్జీల గురించో, పోటీ పరీక్షల గురించో, రిజర్వేషన్ల గురించో రాయడం మన ఆనవాయితీ. అవి తప్పకుండా రాయవలసిన విషయాలే. ఈసారి మేము మాత్రం రెండున్నర వేల ఏళ్ళనాటి గ్రీకు పాటల గురించి, వాటికి ఈ కాలంలో బాణీలు కడుతున్న వాళ్ళ గురించి రాయదలచుకున్నాం. ఇదేం విడ్డూరం అని పేజీ తిప్పకండి. చివరిదాకా చదివితే ఇది మన విషయం ఎలా అయిందో మీకే తెలుస్తుంది.

ప్రాచీన గ్రీకు కవిత్వానికి ఆధునిక సంగీతం కట్టడం అపచారమని కొందరు పండితులు అంటారు. ఆ కవిత్వాన్ని అలాగే భద్రంగా ఉంచాలట, ఇష్టం వచ్చిన వరసల్లో పాడి పాడుచేయకూడదట. మా అభిప్రాయం వేరు. ఆ పాటల అసలు బాణీలు దాదాపు అన్నీ పోయాయి. పోయినదానికి పుట్టుకతో వారసులంటూ ఎవరూ ఉండరు. ఆ మాటల నడకను శ్రద్ధగా నేర్చుకున్న ప్రతివారికీ బాణీ కట్టే హక్కు ఉంది.

చదవడానికా, పాడడానికా?

మన సిలబస్‌లోకి గ్రీకు నాటకం అచ్చు పుస్తకంగా వస్తుంది. ఇంగ్లీషు అనువాదం, వెనక నోట్సు, ఒక వ్యాసరూప ప్రశ్న. విషాదాంత నాటక లక్షణాలు బట్టీపట్టి పరీక్ష రాసి వస్తాం. 'కోరస్' అని కనబడిన చోట కథ ఆగిపోయిందని రెండు పేజీలు ముందుకు తిప్పేస్తాం. నిజానికి ఆ తిప్పేసిన పేజీలే పాటలు.

క్రీస్తు పూర్వం అయిదో శతాబ్దంలో ఏథెన్స్ నగరంలో డయొనైసస్ దేవుడి పండుగ జరిగేది. కొండవాలున ఆరుబయట జనం కూర్చునేవారు. నాటకంలో మొదట పన్నెండు మంది, తర్వాతి రోజుల్లో పదిహేను మంది బృందంగా పాడుతూ ఆడేవారు. పక్కన ఒకరు ఆలోస్ ఊదేవారు. ఆలోస్ అంటే జంట గొట్టాల వాద్యం. మన సన్నాయికి ఉన్నట్టే నోటి దగ్గర పీక ఉంటుంది. ఎస్కిలస్, సోఫోక్లిస్, యూరిపిడిస్ నాటకాల్లోని పాటలకు బాణీలు కట్టింది కూడా ఆ కవులే.

అంతకు ముందే, క్రీ.పూ. 600 ప్రాంతంలో, లెస్బోస్ దీవిలో శాఫో అనే కవయిత్రి లైర్ అనే తంత్రీ వాద్యం మీద పాడుకోవడానికి కవితలు కట్టింది. సినిమా పాటలకు మనం 'లిరిక్స్' అంటామే, ఆ మాట ఈ 'లైర్' నుంచి పుట్టిందే. గ్రీకుల మరో వాద్యం కితార. ఆ పేరే భాషలు మారుతూ మారుతూ మనకు 'గిటార్'గా చేరింది.

ఏథెన్స్ పండుగలో మరో విశేషం ఉంది. నాటకాలతో పాటు బృందగానాల పోటీ జరిగేది. నగరంలోని పది తెగల నుంచి తెగకు యాభై మంది బాలురు, యాభై మంది పెద్దవాళ్ళు పాడాలి. అంటే ఏటా వెయ్యి మంది! వీళ్ళు వృత్తి గాయకులు కారు, మామూలు పౌరులు. బృందంలో పాడి ఆడడం నేర్వనివాడిని చదువు రానివాడి కింద లెక్కకట్టాలని ప్లేటో తన 'చట్టాలు' అనే గ్రంథంలో రాశాడు. హాస్టల్‌లో రాత్రి భోజనాలయ్యాక పాటలు పాడితే చదువు పాడవుతుందని కసిరేవాళ్ళకు ఈ సంగతి చెప్పాలి.

అయితే ఆ ఏథెన్స్‌ను నెత్తిన పెట్టుకోనక్కర లేదు. ఆ బృందాల్లో బానిసలకు చోటు లేదు. నాటకంలో ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టేవారు. వెయ్యి మంది పాడే ఊళ్ళో ఎన్నో వేల మంది నోరు విప్పడానికి వీల్లేదు. ఈ సంగతి మరచిపోయి గ్రీకు నాగరికతను పొగడడం మాకు ఇష్టం లేదు.

బాణీ ఎలా పోయింది?

గ్రీకులకు స్వరలిపి ఉంది. మన సంగీతం పుస్తకాల్లో సాహిత్యం పైన సరిగమలు రాసినట్టే, వాళ్ళు పాట మాటల పైన అక్షరాలనే స్వరాల గుర్తులుగా రాసేవారు. దాని మీద అడ్డగీత ఉంటే రెండు మాత్రలు, కొక్కెంలాంటి గుర్తు ఉంటే మూడు మాత్రలు. కానీ ఈ లిపి వృత్తి సంగీతకారులకే తెలిసిన విద్య. తర్వాతి శతాబ్దాల్లో గ్రంథాలకు ప్రతులు రాసినవారు మాటలు రాసుకుని స్వరాలు వదిలేశారు. వందలాది నాటకాల్లో, వేలాది పాటల్లో స్వరాలతో సహా మనకు దొరికినవి సుమారు అరవై ముక్కలు. వాటిలోనూ ఎక్కువ భాగం చిరిగిన కాగితాలు, పగిలిన రాళ్ళు.

యూరిపిడిస్ రాసిన 'ఒరెస్టిస్' నాటకంలోని ఒక పాట ముక్క ఈజిప్టు పపైరస్ మీద దొరికింది. 1892లో దాన్ని వియన్నాలో ప్రకటించారు. అందులో ఉన్నవి కొద్ది పాదాలే. 1893లో డెల్ఫీ తవ్వకాల్లో అపోలో దేవుడి మీద రెండు స్తోత్రాలు రాతి మీద స్వరాలతో సహా బయటపడ్డాయి.

పూర్తిగా దొరికిన పాట ఒకటి ఉంది. నేటి టర్కీలోని ఐదిన్ పట్టణం దగ్గర రైలుమార్గం పని జరుగుతుండగా ఒక చిన్న రాతి స్తంభం బయటపడింది. 1883లో పండితులు దాని సంగతి లోకానికి చెప్పారు. సెయికిలోస్ అనే వ్యక్తి క్రీస్తు శకం మొదటి రెండు శతాబ్దాల కాలంలో చెక్కించిన సమాధి రాయి అది. బతుకు స్వల్పమని చెప్పే నాలుగు చిన్న పాదాలు, వాటి పైన స్వరాలు. అంత విలువైన రాయి అడుగు భాగాన్ని కోయించి పూలకుండీ పెట్టుకునే పీటగా వాడుకున్నారు! ఆ కోతలో చివరి వరుస దెబ్బతింది. ఇప్పుడా రాయి డెన్మార్క్ జాతీయ మ్యూజియంలో ఉంది. వారసత్వం, వారసత్వం అని గొంతు చించుకునే పెద్ద ఇళ్ళల్లో పూలకుండీ కింద ఏమేం నలిగిపోయాయో ఎవరికి తెలుసు!

మనకు దగ్గరి లయ

బాణీ పోయినా మాటలో లయ మిగిలింది. ఇక్కడే తెలుగు చదువుకున్నవాళ్ళం కొంచెం గర్వపడవచ్చు.

ఇంగ్లీషు పద్యం ఏ అక్షరాన్ని ఒత్తి పలుకుతామనే దాని మీద నడుస్తుంది. గ్రీకు పద్యం అలా కాదు. దాని నడక మనలాగే గురులఘువుల మీద. దీర్ఘం గురువు. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు. పొట్టి అక్షరం లఘువు. ఎనిమిదో తరగతిలో యమాతారాజభానసలగం అని గణాలు కట్టిన ప్రతి విద్యార్థికీ ఇది తెలిసిన లెక్కే. హోమర్ పేరుమీద ఉన్న ఇలియడ్, ఒడిస్సీ కావ్యాల్లో పాదానికి ఆరు గణాలు. ఒక్కో గణం ఒక గురువు, రెండు లఘువులు, అంటే మన భగణం. దాని బదులు రెండు గురువులూ రావచ్చు. చివరి గణానికి ఎప్పుడూ రెండే అక్షరాలు. ఎలా వచ్చినా గణానికి నాలుగు మాత్రలు. నాటకంలో బృందం నడిచి వచ్చే చోట తరచు రెండు లఘువులు, ఒక గురువు, అంటే సగణం వినబడుతుంది. శాఫో పేరుతో పిలిచే ఛందస్సులో మూడు పాదాలకు పదకొండేసి అక్షరాలు, నాలుగో దానికి అయిదు.

లండన్‌లో పుట్టిన విద్యార్థి ఈ లెక్కను కొత్తగా నేర్చుకోవాలి. మన గుడిసెల్లో పుట్టి ప్రభుత్వ బడిలో తెలుగు పద్యం చదివిన పిల్లవాడికి ఇది చెవికి అలవాటైన లెక్క. గ్రీకు మనకు అందనంత దూరం అని ఎవరైనా అంటే, ఛందస్సు విషయంలో ఇంగ్లీషు కంటే అదే మనకు దగ్గర అని ధైర్యంగా చెప్పవచ్చు.

ఇంకో ఆధారం కూడా ఉంది. ప్రాచీన గ్రీకులో ప్రతి మాటలో ఒక అక్షరాన్ని పైస్థాయిలో పలికేవారు. వేదపాఠంలోని ఉదాత్త, అనుదాత్తాల వంటి పద్ధతి ఇది. సెయికిలోస్ పాటలోనూ, డెల్ఫీ స్తోత్రాల్లోనూ మాట గొంతు లేచిన చోట బాణీ కూడా చాలావరకు లేస్తుంది. కాబట్టి ఈనాడు బాణీ కట్టేవారు పూర్తిగా చీకట్లో తడుముకోవలసిన పనిలేదు. కాలాన్ని ఛందస్సు చెబుతుంది, ఎత్తుపల్లాలను ఉచ్చారణ చెబుతుంది. మిగిలింది మాత్రం మనిషే కట్టాలి.

ఎవరెవరు ఎలా కట్టారు?

డెల్ఫీ స్తోత్రం దొరికిన మరుసటి ఏడాదే, 1894 జూన్‌లో, పారిస్‌లోని సోర్బోన్‌లో దాన్ని పాడించారు. పండితుడు రైనాక్ స్వరాలు చదివి ఇస్తే, గాబ్రియల్ ఫోరే అనే స్వరకర్త దానికి వాద్యాల తోడు చేర్చాడు. ఆ సభ మామూలు సభ కాదు. ఆధునిక ఒలింపిక్ క్రీడల కోసం కూబెర్తాన్ పిలిచిన సభ. ఆ పాట సభికులను కదిలించిందని ఆయన తర్వాత రాసుకున్నాడు. ఫోరే చేర్చిన తోడు స్వరాల పద్ధతి గ్రీకులది కాదు, అది ఫ్రెంచి పద్ధతి. అయినా రెండు వేల ఏళ్ళు మట్టిలో ఉన్న పాట మళ్ళీ మనుషుల నోట పలికింది.

వీలైనంత పాతదానికి దగ్గరగా వెళ్ళాలనుకునేవారు కూడా ఉన్నారు. ఆక్స్‌ఫర్డ్ పండితుడు అర్మాండ్ డాంగూర్ 2017లో ఆష్మోలియన్ మ్యూజియంలో ఒరెస్టిస్ ముక్కను, డెల్ఫీ స్తోత్రాన్ని పాత ఆలోస్‌లకు నకళ్ళు చేయించిన వాద్యాలతో పాడించాడు. దాని వీడియో యూట్యూబులో ఉంది. వినండి. మ్యూజియంలో దుమ్ముపట్టిన సంగీతమని అనుకుంటే ఆశ్చర్యపోతారు. పీక వాద్యం అరుపు, బృందం ఊపు మన ఊరి జాతరకు దూరంగా ఏమీ ఉండవు.

మరికొందరు పాత స్వరాల జోలికి పోకుండా సొంతంగా కట్టారు. 1841లో ప్రష్యా రాజు కోసం మెండెల్సన్ 'యాంటిగొని' నాటకంలోని బృందగానాలకు జర్మన్ అనువాదంలో సంగీతం చేశాడు. ఇటలీలో డల్లాపికోలా రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1942 నుంచి 1945 వరకు, శాఫో, అనాక్రియాన్, అల్సియస్ కవితలకు ఇటాలియన్ అనువాదంలో బాణీలు కట్టాడు. ఆయన భార్య యూదు కుటుంబానికి చెందినది. ఆ దంపతులు కొంతకాలం దాక్కుని బతకవలసి వచ్చింది. అలాంటి రోజుల్లో ఆయనకు శాఫో పనికొచ్చింది.

గ్రీకు దేశస్థుడు జెనాకిస్ నాజీ ఆక్రమణ కాలంలో ప్రతిఘటన పోరాటంలో చేరాడు. ఆ ఆక్రమణ ముగిశాక 1944 డిసెంబరులో ఏథెన్స్ వీధుల్లో మరో పోరు మొదలైంది. అందులో గాయపడి ఒక కన్ను పోగొట్టుకున్నాడు. 1947లో ఫ్రాన్స్‌కు పారిపోయాడు. ఆయన 1966లో అమెరికాలోని ఇప్సిలాంటి పట్టణంలో ఆడిన ఎస్కిలస్ నాటకాలకు ప్రాచీన గ్రీకు మాటలతోనే సంగీతం చేశాడు. అందులో బృందం పాడడమే కాదు, చేతి వాద్యాలు కూడా మోగిస్తుంది. వినడానికి తియ్యగా ఉండదు. దెబ్బలు తిన్నవాడి సంగీతం తియ్యగా ఉండాలని నియమం ఏముంది?

1959లో ఏథెన్స్‌లో కరోలోస్ కూన్ అనే దర్శకుడు అరిస్టోఫెనీస్ ప్రహసనం 'పక్షులు' ఆడించాడు. మనోస్ హజిదాకిస్ సంగీతం. మాటలు నేటి గ్రీకులో. ప్రాచీన పూజారి పాత్రను నేటి చర్చి గురువులా చూపించి ఎగతాళి చేశారని గొడవ జరిగింది. ప్రభుత్వం మిగతా ప్రదర్శనలు ఆపించింది. అదే నాటకం 1962లో పారిస్‌లో మొదటి బహుమతి తెచ్చుకుంది! మరో స్వరకర్త మికిస్ థియోడొరాకిస్ 1962లో 'ఎలెక్ట్రా' సినిమాకు సంగీతం ఇచ్చాడు. 1967లో అధికారం లాక్కున్న సైనికులు ఆయన పాటలనే నిషేధించారు. తర్వాత ఆయన 'మెడియా', 'ఎలెక్ట్రా', 'యాంటిగొని' కథలను సంగీత నాటకాలుగా చేశాడు. 2021లో కన్నుమూసేదాకా ఆయన పాట జనం పాటగానే ఉంది. గ్రీకు కవిత్వానికి గ్రీకు దేశంలోనే కొత్త బాణీ కడితే నిషేధాలు వచ్చాయంటే, అది చచ్చిన కవిత్వం కాదనే కదా అర్థం?

మాకు అన్నిటికంటే నచ్చినది 1983లో న్యూయార్క్‌లో మొదలైన 'ది గాస్పెల్ ఎట్ కొలొనస్'. సోఫోక్లిస్ ముసలితనంలో రాసిన నాటకంలో ఈడిపస్ గుడ్డివాడై, ఊరు తరిమేస్తే, తలదాచుకునే చోటు వెతుక్కుంటూ తిరుగుతాడు. ఆ కథను నల్లజాతి చర్చిలో జరిగే ఆరాధనగా మార్చారు. ఈడిపస్ పాటలను 'బ్లైండ్ బాయ్స్ ఆఫ్ అలబామా' అనే అంధ గాయకుల బృందం పాడింది. బానిసలుగా తెచ్చిన మనుషుల మనవల గొంతులో ఆ పాటలు వినబడ్డాయి. ఒక్క చిక్కుంది. నాటకం రాసిన లీ బ్రూయర్, బాణీలు కట్టిన బాబ్ టెల్సన్ ఇద్దరూ తెల్లవారే. గొంతు ఒకరిది, పేరు మరొకరిది అయ్యే ఈ లెక్క మనకు తెలియనిది కాదు. దాన్ని ప్రశ్నిస్తూనే, ఆ గొంతుల ముందు తల వంచుతున్నాం.

మా షరతులు

ఇష్టం వచ్చినట్టు చేయవచ్చని మేము అనడం లేదు. మాకు రెండు షరతులు ఉన్నాయి.

ఒకటి, మాట వినబడాలి. అసలు భాషలో పాడితే గురువును గురువుగా, లఘువును లఘువుగా ఉంచాలి. లఘువును సాగదీసి రాగాలు తీస్తే అది ఆ కవిత కాదు. అనువాదంలో పాడితే ఆ భాష నడకను గౌరవించాలి.

రెండు, అబద్ధం చెప్పకూడదు. కీబోర్డు మీద పొగమంచు లాంటి మోత పెట్టి, నాలుగు తీగలు మీటి, 'అసలైన ప్రాచీన గ్రీకు సంగీతం' అని అమ్మేవాళ్ళు ఉన్నారు. కొత్తగా కట్టినదాన్ని కొత్తది అని చెప్పుకుంటే తప్పేముంది? పాతదని బొంకితేనే తప్పు. డాంగూర్ పనిలో ఊహ ఉంది, ఫోరే పనిలో సొంత రుచి ఉంది. ఏది దొరికింది, ఏది చేర్చాం అన్నది దాచకపోతే ఏ పద్ధతైనా మంచిదే.

వారసులు ఎవరు?

"మీ ఇళ్ళల్లో డిగ్రీ చేసిన మొదటివాళ్ళు మీరు. ఉద్యోగానికి పనికొచ్చేది చూసుకోక సోఫోక్లిస్ మీకెందుకు?" అని ఒక పెద్దమనిషి మాతో అన్నాడు. అందులో సలహా కొంత ఉంది, గీత గీయడం ఎక్కువ ఉంది. కొన్ని సంపదలు పుట్టుకతో వచ్చేవని, మనం గడప బయటి నుంచి చూడాలని ఆ మాటకు అర్థం. చరిత్ర ఏం చెబుతుందో చూడండి.

స్వరాలతో సహా యూరప్‌లో మొట్టమొదట అచ్చయిన ప్రాచీన గ్రీకు పాటలు మెసోమెడిస్ అనే కవివి. 1581లో ఫ్లారెన్స్‌లో విన్సెంజో గెలీలీ, అంటే ఖగోళ శాస్త్రవేత్త గెలీలియో తండ్రి, వాటిని తన పుస్తకంలో ముద్రించాడు. ఎవరీ మెసోమెడిస్? క్రీ.శ. రెండో శతాబ్దంలో రోమన్ చక్రవర్తి హాడ్రియన్ దగ్గర ఉండి, బానిసత్వం నుంచి విడుదల పొందినవాడు. ఏథెన్స్ బృందంలో నిలబడే హక్కు లేని వర్గం మనిషి పాట మిగిలింది. ఆ బృందాల్లో పాడిన పౌరుల పాటలు ఎక్కువ భాగం మట్టిలో కలిశాయి.

హోమర్ సంగతి కూడా అంతే. మిల్మన్ పారీ అనే అమెరికన్ పండితుడు 1933 నుంచి 1935 వరకు యుగోస్లావియా పల్లెల్లో తిరిగి, వీరగాథలు పాడేవాళ్ళను రికార్డు చేశాడు. వాళ్ళలో అవ్దో మెజెదోవిచ్ అనే మాంసం కొట్టు మనిషి ఒకడు. చదవడం, రాయడం రాదు. పన్నెండు వేల పాదాలకు పైగా ఉన్న గాథను నోటితో పాడాడు. అంత పెద్ద కావ్యం రాత లేకుండా నోట నిలుస్తుందని అప్పుడు లోకం నమ్మింది. ఇలియడ్ వెనక ఉన్నది కూడా ఇలాంటి పాటగాళ్ళ సంప్రదాయమేనని పండితులకు నమ్మకం కుదిరింది. ఆ తర్వాతే ప్రపంచంలో ఎక్కడెక్కడి నోటి గాథలకో పరిశోధకులు చెవి పెట్టారు. మన పల్నాటి వీరుల కథను పాడే వీరవిద్యావంతులు మాల కులస్థులు. వాళ్ళ నోటి నుంచి ఆ కథను రికార్డు చేసి జీన్ రోఘైర్ 1982లో ఇంగ్లీషులో గ్రంథంగా తెచ్చాడు. హోమర్‌ను మహాకవి అని, మన పాటగాడిని పామరుడు అని పిలిచే నోరు ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మన ఇళ్ళల్లో పుస్తకాల అల్మరా లేకపోవచ్చు. నాట్లలో, కలుపుల్లో అమ్మలు కట్టిన పాట ఉంది. మాటకు లయ ఎక్కడ పడాలో మనకు చిన్నప్పుడే తెలుసు. ఆ చెవితోనే గ్రీకు నాటకం చదవండి. కోరస్ వచ్చినప్పుడు పేజీ తిప్పకండి. గట్టిగా చదవండి, వీలైతే నలుగురు కలిసి వరస కట్టి పాడండి. బాగా కుదిరితే వచ్చే వార్షికోత్సవం వేదిక మీద పాడండి. ఇది మేము కట్టిన వరస అని ముందే చెప్పి పాడండి. అడ్డుకునే అసలు వారసుడు ఎక్కడి నుంచీ రాడు.